గిట్ట కాని పాదం

నా కుడికాలి గురించి నేనొక అబద్ధం చెప్పాను. చాలా ఏళ్ల కిందటి మాట. దాని బరువు మోశానని చెప్పుకునే అర్హత కూడా నాకు లేదు, ఎందుకంటే బతికున్నన్నాళ్లూ దాన్ని మోసింది నా భార్య వనజ. తాను మోస్తున్నది ఎవరిదో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. ఆమె పోయాక మోసేవాళ్లు లేక అది నా దగ్గరికి వచ్చింది. అప్పుడు తెలిసింది ఎంత బరువో.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పలేని మాట ముఖం తెలియని మనిషికి చెప్పగలనేమో అని ఆశ. చెప్పగలనా? చూద్దాం.

భివండిలో తెలుగు పిల్లలకు సైన్సు చెప్పి రిటైరయ్యాను. వాళ్లంతా మగ్గాలవాళ్ల పిల్లలు. కరీంనగర్ వైపు పల్లెల నుంచి వచ్చి పవర్‌లూమ్ కార్ఖానాల చుట్టూ స్థిరపడిన కుటుంబాలు. నాకు బాగా ఇష్టమైన పాఠం ఒకటుండేది, గిట్టల జంతువుల కాళ్ల పాఠం. పుస్తకంలో అది అర పేజీ కూడా ఉండదు. నేను రెండు పీరియడ్లు చెప్పేవాణ్ని.

అరచేతిని బల్ల మీద వేళ్ల కొసలపై నిలబెట్టమనేవాణ్ని. మొదట అయిదు వేళ్లూ. ఇప్పుడు బొటనవేలు పైకెత్తండి, పందికి మిగిలినవి ఈ నాలుగే. చూపుడువేలూ చిటికెనవేలూ కూడా ఎత్తండి. మిగిలిన రెండు వేళ్ల మీదే ఆవు, బర్రె, మేక బతుకంతా నడుస్తాయి. ఇక ఉంగరపు వేలు కూడా తీసేయండి. నడిమి వేలు ఒక్కటి. అది గుర్రం. పిల్లలు నిలబెట్టలేక బల్లల మీదికి తూలిపడేవాళ్లు. ఒక ఏడు ఒక అమ్మాయి లేచి, "గుర్రం ఒక్క వేలు మీద ఉరుకుతదా సార్! మా తమ్ముడు పది వేళ్ల మీద నిలవడ్డా బోర్ల పడ్తడు" అన్నది. క్లాసంతా నవ్వులు. నేనూ నవ్వాను. 

గిట్ట అంటే వేరే ఏదో కాదు, గోరే అని చెప్పేవాణ్ని. వేలి కొసను కమ్ముకుని గట్టిపడిన గోరు. గుర్రం పూర్వీకులు చిన్న జంతువులు, కాలికి మూడు నాలుగు వేళ్లతో మెత్తటి అడవి నేల మీద తిరిగేవి. లెక్కలేనన్ని తరాల్లో నడిమి వేలు బలిసింది, పక్కవి కుంచించుకుపోయాయి. కానీ పోయినవి పూర్తిగా పోలేదు. గుర్రం కాలి ఎముకకు అటూ ఇటూ పుల్లల్లాంటి రెండు ఎముకలు ఇప్పటికీ అంటిపెట్టుకుని ఉన్నాయి. బర్రె కాలి వెనక నేలకు అందకుండా వేలాడే రెండు చిన్న గిట్టలు కూడా అలా మిగిలిపోయిన వేళ్లే. బర్రెల కొట్టం, తబేలా ముందు నుంచి పోయేటప్పుడు చూడండి, అనేవాణ్ని. ఒళ్లు అబద్ధం చెప్పదు పిల్లలూ, అనేవాణ్ని. ఆ మాట అనేటప్పుడు నా పాదం బూటులో ఉండేది.

తల్లి కడుపులో జరిగేది ఇంకా వింత. ఆవుకైనా, ఎలుకకైనా, మనిషికైనా మొదట కాలు అంటే పిండం పక్కన ఒక చిన్న మొగ్గ. అది తెడ్డులా వెడల్పవుతుంది. తెడ్డులో వేళ్ల గీతలు పడతాయి. వాటి మధ్యనున్న కణాలు చచ్చిపోతేనే వేళ్లు విడివడతాయి. ఆవు పిండంలో ఆ తెడ్డు కొద్ది రోజులకే దారి మారుస్తుంది, పక్క వేళ్లు పెరగడానికి అందాల్సిన కబురు సరిగా అందదు, నడిమి రెండే సాగుతాయి. గుర్రంలో పక్క వేళ్లు మొదలైతే అవుతాయి గానీ చుట్టూ కణాలు చచ్చిపోయి అక్కడే ఆగిపోతాయి. మనిషిలో ఈ పనంతా రెండో నెల ముగిసేలోపే అయిపోతుంది. ఆ తర్వాత వేళ్లు పెరగడమే తప్ప కొత్తగా పుట్టడం, పోవడం ఉండదు.

ఈ చివరి మాట గుర్తుంచుకోండి. ప్రతి ఏడూ బళ్లో చెప్పాను. ఇంట్లో ఒక్కసారి కూడా చెప్పలేదు.

నేను పుట్టినప్పుడే నా కుడి పాదానికి నడిమి వేలు లేదు. దాని చోట లోపలిదాకా చీలిక. పసితనంలోనే పట్నం తీసుకుపోయి కోసి కుట్టించారు. నాలుగు వేళ్లు, పొడుగాటి మచ్చ మిగిలాయి. మా నాన్నకు రెండు పాదాలూ అలాగే ఉండేవని అమ్మ ఒకసారి చెప్పింది. ఆయన గుంటమగ్గం నేసేవాడు, మగ్గం ముందు కూర్చున్నంతసేపూ ఆయన కాళ్లు గుంటలోనే. ఊళ్లో తెలిసినవాళ్లకు తెలుసు, అంతే. నాకు ఊహ తెలియకముందే ఆయన పోయాడు. అమ్మ నన్ను చంకనేసుకుని భివండి వచ్చేసింది. ఇక్కడ మా కాళ్ల సంగతి ఎవరికీ తెలియదు.

చదువుకునే రోజుల్లో సెలవులకు ఇక్కడి టెంఘర్‌లో ఒక కార్ఖానాలో పనికి పోయేవాణ్ని. ఒకరోజు చెప్పులు విడిచి కూర్చుంటే పక్క మగ్గం మనిషి నా పాదం చూసి, "ఏందిరా, బీమ్ పడ్డదా?" అన్నాడు. బీమ్ అంటే పడుగు నూలంతా చుట్టి ఉండే ఇనుప రోలు. మగ్గానికి ఎక్కించేటప్పుడు చేయి జారితే కింద పాదం నుజ్జవుతుంది. ఈ ఊళ్లో వేలు లేని కాలు కనిపిస్తే ఎవరైనా మొదట అడిగేది అదే. వేరే కారణం ఉండొచ్చని మా వాళ్లెవరికీ తోచదు. నేను ఆలోచించలేదు. "ఔ" అన్నాను. ఆయన అయ్యో అని నాకు చాయ్ తెప్పించాడు.

ఆ అబద్ధం నేను అల్లింది కాదు. ఎవరో చేతికిచ్చారు, తీసుకున్నాను. అయినా అది అబద్ధమే కదా? తీసుకున్నవాడు తిరిగి ఇచ్చేయొచ్చు కదా? ఇవ్వలేదు. ఎందుకంటే అది బాగుంది. పుట్టుకతో లోపం ఉన్నవాణ్ని చూసే చూపు వేరు, మగ్గం కింద వేలు పోగొట్టుకున్నవాణ్ని చూసే చూపు వేరు. మొదటిదాంట్లో దూరం ఉంటుంది. రెండోదాంట్లో గౌరవం ఉంటుంది. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు మావాళ్లు శాలువా కప్పి, కష్టజీవి, మగ్గానికి కాలివేలు ఇచ్చి కూడా చదువు ఆపలేదు అని మైకులో పరిచయం చేశారు. తల దించుకున్నాను. వినయం అనుకున్నారు. అమ్మ కూడా ఆ కథను కాదనలేదు. వనజ తండ్రి నన్ను అల్లుణ్ని చేసుకున్నది కూడా ఆ కథ విన్నాకే. చలికాలంలో మచ్చ లాగితే వనజ నూనె వేడిచేసి రాసేది. "గప్పుడు ఎంత నొచ్చెనో ఏమో" అనేది. నేను కళ్లు మూసుకునేవాణ్ని.

వనజ ఇంట్లోనే కండెలు చుట్టేది. మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే చిన్న నూలు గొట్టాలవి. కింద కార్ఖానాలో మగ్గాలు ఆడుతున్నంతసేపూ పైన మా ఇంట్లో కండెలు తయారవుతూ ఉండాలి. మా రవళి కడుపులో ఉన్నప్పుడు, ఆరో నెలలో, పగటిపూట గ్రహణం వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్లు గ్రహణం పూట కత్తి, కత్తెర ముట్టకూడదని, కదలకుండా పడుకోవాలని మావాళ్ల పట్టింపు. ముడితే పిల్లకు చీలిక వస్తుందని. అమ్మ తలుపులు మూసి, గడప మీద గరిక పెట్టి, వనజను పడుకోబెట్టి, తనూ ఒరిగి కునుకు తీసింది. మగ్గాలు మాత్రం ఆగలేదు. కింది నుంచి "వదినా, కండెలు!" అని కేక. వనజ చప్పుడు కాకుండా లేచి మిషన్ ముందు కూర్చుంది. పోగు తెగింది. చిక్కుపడిన కొసను కత్తెరతో తీసేసి ముడి వేసింది. చేసిందంతా ఇంతే.

రవళి ఎడమ పాదం నడిమి వేళ్లు లేకుండా పుట్టింది. బొటనవేలి వైపు కొంత, చిటికెనవేలి వైపు కొంత, మధ్యలో చీలిక. ప్రసూతి వార్డులో అమ్మ పాపను ఎత్తుకుని గుడ్డ తప్పించి చూసింది. తర్వాత నా కాలివైపు చూసింది. తర్వాత నా ముఖంలోకి చూసింది. ఒక తల్లీ కొడుకూ మాట లేకుండా ఒక ఒప్పందానికి రావడానికి ఎంతసేపు పడుతుందో నేను చూశాను. ఊపిరి తీసుకున్నంతసేపు. అమ్మ మంచం వైపు తిరిగి అడిగింది.

"గ్రహణం నాడు ఏమన్న కోసినవా?"

"పోగు కోసిన అత్తమ్మా. కైంచీతోని," అంది వనజ.

ఎవరూ చూడలేదు. లేదు అంటే సరిపోయేది. అలసిపోయి, రక్తం పోయి, పసిదాని వైపు చేతులు చాపుతూ ఉన్న మనిషి అడిగిన వెంటనే నిజం చెప్పేసింది. నేను ఆ మాట తలచుకోని రోజు లేదు. ఆమెకు ఒక్క ఊపిరిలో అయిన పని నాకు జీవితమంతా ఎందుకు కాలేదు?

చూడ్డానికి వచ్చినవాళ్లు "మేక గిట్ట లెక్కనే ఉన్నది" అన్నారు. ఒక ముసలామె గోమాత అంశ అని పసుపు కుంకుమ పెట్టబోతే వనజ పాప కాలిని కొంగులో దాచుకుంది. నాకు కోపం వచ్చింది. ఆవు పోగొట్టుకున్నవి అంచులు, ఉంచుకున్నవి నడిమి వేళ్లు. నా కూతురి పాదం నడిమి వేళ్లు పోగొట్టుకుని అంచులు ఉంచుకుంది. ఒకదానికొకటి పూర్తిగా తిరగబడ్డాయి, గిట్టతో పోలికేమిటి, అని మనసులో వాళ్లతో వాదించాను. ఎంత సిగ్గుమాలిన వాదన. ఆరో నెలలో పట్టిన కత్తెర రెండో నెలలోనే తయారైపోయిన పాదాన్ని ఏం చేయగలదు అని బయటికి అనాల్సిన నోరు, ఆవుకూ మనిషికీ తేడా గురించి లోపల పాఠం చెప్పుకుంది.

అమ్మ కోసం ఊరుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆ వయసులో ఆమెను అబద్ధాలకోరును చేయడం ఎందుకని. అమ్మ పోయాక ఆ సాకు కూడా లేకుండా పోయింది. అప్పుడైనా చెప్పానా? లేదు. చెబితే శాలువా కప్పినవాళ్లు ఏమంటారు, మామగారు ఏమంటాడు, నూనె రాసిన మనిషి నా వైపు ఎలా చూస్తుంది. ఇవీ నా కారణాలు. పెద్దవేమీ లేవు. వెతికాను.

వనజ మాత్రం నవ్వడం మానలేదు. నా కాలూ పాప కాలూ పక్కపక్కన పెట్టి చూసి, "బాపుకు బీమ్ పట్టింది, బిడ్డకు గ్రహణం పట్టింది, ఇద్దరూ ఒక్క తీరే" అనేది. అంత దగ్గరికి వచ్చింది. ఇంకొక్క అడుగు వేసి ఉంటే తెలిసిపోయేది. కానీ మొగుణ్ని నమ్మింది, ఆ అడుగు వేయలేదు.

ఇప్పుడు అసలు మాట. ఇక్కడిదాకా రాయడం తేలికే అయింది.

రవళికి నాలుగో ఏడు. ఒక సాయంత్రం వరాలా తలావ్ చెరువుగట్టు మీద నడుస్తున్నాం. అది మా కంటే ముందు, పక్కింటి పిల్లలందరి కంటే ముందు ఉరుకుతోంది. ఆ పాదంతోనే. వనజ మళ్లీ నెల తప్పిందని చెప్పింది. కాసేపటికి ఆగింది.

"సారూ," అంది. ఇంట్లో కూడా నన్ను అలాగే పిలిచేది, సగం వేళాకోళంగా. "నువ్వు సదువుకున్నోనివి. నాకు నిజం చెప్పాలె."

"ఏంది?"

"గా కైంచీ పట్టినందుకే అయిందా ఇది? పొద్దంత పిల్లలకు చెప్తవు గద, బర్రెకిన్ని వేళ్లు, గుర్రానికిన్ని వేళ్లు అని. మరి మన పిల్లయి ఎట్ల పోయినయో చెప్పు."

నీళ్ల వైపు చూశాను. నాలుక మీద జవాబు ఉంది. పూర్తి జవాబు, బొమ్మ వేసి చూపించగలిగినంత జవాబు.

"పెద్దోళ్లు ఊకెనే అంటరా వనజా?" అన్నాను.

"గంతే అన్నట్టు." ఉరుకుతున్న రవళి కాళ్ల వైపు చూసింది. "మరి ఆ దోషం నా ఒంట్ల ఇంక ఉన్నదేమో. దీనికి గూడ గట్లనే అయితే?"

"నీ ఇష్టం."

"నా ఇష్టమా! కిందికెల్లి కండెలడిగెటోడు నీకంటె నయం సారూ, ఇన్ని గావాలె అని సాఫ్‌గ చెప్తడు." నవ్వింది. నవ్వు మధ్యలోనే ముఖం కొంగులో దాచుకుంది.

ఆమె ఉంచుకోలేదు. నేనే ఆటోలో తీసుకెళ్లాను. ఇప్పుడే ఇంకొకరు వద్దనుకుంటున్నాం అని డాక్టరమ్మకు నేనే చెప్పాను, కాగితం మీద సంతకం చేశాను, బయట బెంచీ మీద కూర్చున్నాను. రెండో నెల. తెడ్డులో వేళ్ల గీతలు పడే వారాలు అవే. ఆ బిడ్డకు అయిదు వేళ్లూ పడుతున్నాయో, నాన్నలాగా, నాలాగా, రవళిలాగా నడుమ ఖాళీగా ఉందో నాకు తెలియదు. రావడానికీ రాకపోవడానికీ సగానికి సగం అవకాశం. అలా ఉన్నా ఆ బిడ్డ కూడా గట్టు మీద ఉరికేది. అదీ నాకు తెలుసు.

మరి ఎందుకు తీసుకెళ్లాను? వనజ భయం చూడలేకనా? చాలా ఏళ్లు అదే అనుకున్నాను. అది కాదు. ఆ ఏడు వనజకు నెలలు నిండేలోపు మాకు కనబడే గ్రహణం లేదు. పంచాంగం అమ్మ కంటే ముందు నేను చూశాను. గ్రహణం లేని ఏడు కూడా అలాంటి పాదమే పుడితే, కత్తెరను ఎవరూ నిందించరు. అందరూ నా కాలివైపు చూస్తారు. దోషం ఉందనే భయంతో వనజ లోపలికి వెళ్లింది. పట్టుబడతాననే భయంతో నేను బయట కూర్చున్నాను.

ఆ తర్వాత వనజ కత్తెర ముట్టలేదు. నూలు పంటితో కొరికేది. పిల్లలు కావాలని మళ్లీ ఎప్పుడూ అనలేదు. రవళి పెద్దదవుతూ బళ్లో మాటలు పడి వచ్చి ఆ కోపం తల్లి మీద తీర్చుకునేది. "నువ్వు ఆ ఒక్క దినం కైంచీ పట్టకుంటే క్యా హోతా థా అమ్మా?" అని అరిచేది. "ఔ బిడ్డా, నాదే తప్పు" అని వనజ దాని తల నిమరబోయేది. అది చేయి తోసేసేది. నేను అదే గదిలో పరీక్ష పేపర్లు దిద్దుతూ ఉండేవాణ్ని. ఎర్ర పెన్నుతో పిల్లల తప్పులకు సున్నాలు చుడుతూ.

వనజ కామెర్లతో పోయింది. పోయే ముందు రవళికి చెప్పిన చివరి జాగ్రత్త ఒకటే. కడుపుతో ఉన్నప్పుడు నా లెక్క చేయకు బిడ్డా, అని.

రవళికి పెళ్లయింది. ఊరి పక్క పూర్ణలో ఒక గోడౌన్‌లో బిల్లింగ్ పని చేస్తుంది. కొన్ని నెలల కిందట ఒక ఆదివారం వచ్చి తను కడుపుతో ఉన్నానని చెప్పింది. సంతోషంగా ఉంది. "గ్రహణం దినం కాలెండర్ల చూసి పెట్టుకున్న బాపూ. మేనేజర్‌కు ఛుట్టీ గూడ బోల్ దియా. అమ్మ చెప్పింది గద" అంది.

ఇక ఆగలేకపోయాను. మంచితనం వల్ల కాదు. ఆ బిడ్డ పాదం కూడా అలాగే పుడితే, ఏం ముట్టుకున్నావని ఈసారి నా కూతుర్ని నిలదీస్తారు. లేదా తనను తానే నిలదీసుకుంటుంది, వాళ్లమ్మలాగా. కాలిమేజోడు తీసి పాదం చూపించాను. పుట్టుకతోనే అని చెప్పాను. మీ తాతకూ అలాగే అని, నాలోంచి నీకు వచ్చిందని, నీ బిడ్డకూ రావచ్చు, రాకపోవచ్చు అని చెప్పాను. ఎప్పుడో బళ్లో చెప్పినట్టే చెప్పాను, మొగ్గ, తెడ్డు, రెండో నెల. గొంతు కూడా పాఠం చెప్పే గొంతే వచ్చింది. నాకే అసహ్యమేసింది.

రవళి చాలాసేపు నా పాదం వైపే చూసింది.

"అమ్మకు ఎర్కనా?"

"లేదు."

"నేను అమ్మను ఎన్నెన్ని మాటలంటిని." గొంతు పెంచలేదు. "గప్పుడు నువ్వు ఆడనే కూసుంటివి గద బాపూ."

"ఔ."

బూటు వేసుకుంది. లేవడానికి సాయం పట్టబోతే వద్దంది. అప్పటి నుంచి ఫోన్ చేస్తే ఎత్తుతుంది, ఠీక్ హై అంటుంది, పెట్టేస్తుంది. నా మీద కోపమే అయితే భరించేవాణ్ని. కానీ అల్లుడు చెప్పాడు, రోజూ వాళ్లమ్మను తలచుకుని ఏడుస్తోందట. నాది నేను దించుకుంటే అది దాని మీద పడింది. నిజం చెప్పి కూడా ఇంకొక ఆడమనిషి నెత్తికి బరువెత్తాను. చెప్పకపోయినా ఎత్తేవాణ్ని. సరైన సమయం ఒకటుండేది, గట్టు మీద, ఆ సాయంత్రం. అది పోయింది. మళ్లీ రాదు.

క్షమించమని అడగాల్సిన మనిషి లేదు. మిమ్మల్ని అడగను, మీరేం చేయగలరు? రవళిని అడిగే ధైర్యం లేదు, ఎందుకంటే దానికి చెప్పింది సగమే. రెండో బిడ్డ సంగతి చెప్పలేదు. నేను బయట బెంచీ మీద ఎందుకు కూర్చున్నానో చెప్పలేదు. అది వనజకు తెలియదు, అమ్మకు తెలియదు, రవళికి తెలియదు. ఇంత కాలం ఈ లోకంలో ఆ మాట నా ఒక్కడికే తెలుసు.

ఇప్పుడు మీకూ తెలుసు.